శాశ్వతంగా మొదటి పేజీకే

తల్లీపిల్లల ఆసుపత్రి వెబ్‌సైటు చూసుకునే ఆమెని ఎదురుగా మేడం అంటారు, వెనకాల టపాకాయ అంటారు. రెండోది ఆమెకి తెలుసు, నొచ్చుకోదు. పేలాల్సిన చోట పేలకపోతే ఆమెకి తిన్నది అరగదు.

ఈసారి పేలాల్సిన చోటు మేనేజరు గది. పాత సైటు తీసేసి కొత్తది పెడుతున్నారు. పేజీల అడ్రసులన్నీ మారిపోతాయి. పాత అడ్రసు కొట్టినవాళ్ళని సరైన కొత్త పేజీకి చేర్చాలంటే సర్వరులో ఒక్కో పేజీకి ఒక్కో రూలు రాయాలి. మేనేజరుకి అంత ఓపికెక్కడిది?

"ఒక్క రూలు చాలమ్మా. పాతది ఏది కొట్టినా శాశ్వతంగా మొదటి పేజీకే పంపించెయ్," అన్నాడు.

"పుట్టిన ప్రతి బిడ్డతో పాటు మనం స్టిక్కరు ఇచ్చి పంపుతాం సార్. పిల్లలు ఏదైనా మింగితే ఏం చేయాలో చెప్పే పేజీ అడ్రసు దానిమీదుంది. అందరూ వంటింటి అల్మారాలకి అంటించుకున్నారు."

"మొదటి పేజీలో వెతుక్కుంటారులే."

ఒళ్ళో బిడ్డ గిలగిల్లాడుతుంటే తల్లి తీరిగ్గా వెతుక్కుంటుందట! ఆమె రాయనంది. ఆమె సెలవు పెట్టిన వారం చూసి, ఆ ఒక్క రూలూ బయటి కంపెనీ చేత రాయించేశాడు మహానుభావుడు. ఆమె తిరిగొచ్చేసరికి మొదటి పేజీ చూసేవాళ్ళు రెట్టింపయ్యారని ఆఫీసులో స్వీట్లు పంచుతున్నారు. ఆ వచ్చినవాళ్ళు ఎవరో, దేనికోసం వచ్చారో ఒక్కడూ అడగలేదు. ఆమె స్వీటు ముట్టుకోలేదు. రూలు మార్చమని అడిగితే "చూద్దాం" అన్నాడు మేనేజరు.

ఆ చూద్దాం అలా నానుతూ ఉండగానే వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మా, చిన్నది నేల తుడిచే మందు తాగేసింది! స్టిక్కరు మీద అడ్రసు కొడితే ఎవరో పెద్దాయన నవ్వుతూ నించున్నాడు. వాంతి చేయించనా?"

"వద్దు వదినా, వాంతి చేయించకు! నోరు నీళ్ళతో తుడువు. ఆ సీసా చేత్తో పట్టుకుని పరిగెత్తుకు రా."

ఆ పేజీ రాసింది తనే కాబట్టి సరిపోయింది. ఫోన్ చేయడానికి ఇలాంటి ఆడపడుచు లేని తల్లుల గతేంటి?

గండం గడిచి పిల్ల వార్డులో నిద్రపోయాక, ఆమె ఎవరినీ అడగకుండా వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. సర్వరు రూళ్ళని పైనుంచి కిందికి చదువుతుంది. ముందు ఏది కుదిరితే అక్కడే ఆగిపోతుంది. అందుకని అన్నిటినీ మింగేసే ఆ రూలుకి పైన, స్టిక్కరు పేజీకి వేరే రూలు రాసింది. తన ఫోన్లో అడ్రసు కొట్టి చూస్తే సరైన పేజీయే వచ్చింది. వార్డుకెళ్ళి వదిన ఫోన్లో కూడా కొట్టింది.

మొదటి పేజీ మీది ఫొటోలోంచి ఆసుపత్రి ఛైర్మన్ గారు నవ్వారు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ నవ్వారు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కంపెనీవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రూలుకి శాశ్వతం అని గుర్తు పెట్టారు. అలా పెడితే, ఒకసారి తప్పుదారి పట్టిన ఫోను ఆ దారినే గుర్తుంచుకుంటుంది, మళ్ళీ సర్వరుని అడగదు. అంటే బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఒకసారి వచ్చినవాళ్ళకి, ఖర్మకాలి ఇంకోసారి అవసరమొస్తే, మళ్ళీ ఈ నవ్వే! ఇదెక్కడి న్యాయం?

ఊళ్ళోవాళ్ళ ఫోన్లు ఆమె చేతిలో లేవు. మొదటి పేజీ మాత్రం ఉంది. తిరిగొచ్చి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది.

మర్నాడు మేనేజరు రొప్పుకుంటూ వచ్చాడు.

"ఛైర్మన్ గారి ఫొటో ఏదమ్మా?"

"కిందికి జరిపాను సార్."

ఫొటో ఉండాల్సిన చోట ఎర్రటి అక్షరాలు: పిల్లలు ఏదైనా మింగారా? ఇక్కడ నొక్కండి.

"ఆయన చూస్తే నా కొంప మునుగుతుంది. ఎన్నాళ్ళు ఉంచుతావిది?"

"శాశ్వతం అన్నది మీరే కదా సార్," అంది ఆమె, తల తిప్పకుండా. "ఆ ఫోన్లన్నీ మీ మాట మర్చిపోయేదాకా."