హాతిబు చేజార్చిన మాట

పెళ్ళికి ముందు మా పక్కింటి మ్వానకొంబోను హాతిబు 'మ్దదిసి' అని పిలిచేవాడు, మా స్వాహిలిలో అన్నీ అడిగి తెలుసుకునే మనిషని. పంగానీ ఏటి ఒడ్డున అతను పడవలు కడతాడు. ఆమె కొబ్బరి తాళ్ళు ఇచ్చే వంకతో వచ్చి, దుంగ మీద కూర్చుని, పలకల సందుల్లో నూనె దూది ఎందుకు కూరుతున్నావు, ఆ కర్ర ఎందుకు వంకరగా ఉంది అని అడిగేది.

"ఈ పిల్ల మ్దదిసిరా, ఏదీ వదలదు," అని పనివాళ్ళతో చెప్పి మురిసిపోయేవాడు.

వాళ్ళ పెళ్ళయ్యాక ఆ మాట అతని నోట్లో ఉంది గాని గొంతు మారింది. ఇంత ఆలస్యమెందుకైందని ఆమె అడిగితే, "మ్దదిసి బుద్ధి పోనిచ్చుకోవు కదా," అనేవాడు. మాలో ఆ మాటకు ఆ అర్థమూ ఉంది, తనకక్కర్లేని సంగతులు కూపీ లాగే మనిషని. క్రమంగా మ్వానకొంబో అడగడం మానేసింది.

కిందటేడు వానలకు ముందు సితి అనే పిల్ల తన తండ్రి పడవ బాగుచేయించడానికి వచ్చింది. ఓ సాయంత్రం మా అరుగు మీద కాఫీ తాగుతూ హాతిబు మా ఆయనతో అన్నాడు:

"ఆ సితి భలే మ్దదిసి. మేకు కొన ఎందుకు వంచుతావని అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

పాత గొంతే. నా పక్కన కూర్చుని కొబ్బరి కోరుతున్న మ్వానకొంబో చెయ్యి ఆగింది. అతను ఇంటికి వెళ్ళాక నాతో అంది:

"ఇంకో పెళ్ళి చేసుకున్నా ఏడ్చి ఊరుకునేదాన్నేమో వదినా. నా మాట తీసుకెళ్ళి దానికిచ్చాడు."

మర్నాడు పడవలు కట్టేచోటికి అన్నం తనే పట్టుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. సితి దుంగ మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది.

"కూర్చో. ఆ చోటు నాకు తెలిసిందే," అని మ్వానకొంబో మొగుడి వైపు తిరిగింది. "నేనడిగితే కూపీ, ఇదడిగితే తెలివా?"

పనివాళ్ళ సుత్తులు ఆగాయి. హాతిబు తల దించుకుని అన్నాడు:

"నువ్వు పడవల గురించి అడగడం మానేశావు. నా గురించే అడుగుతున్నావు."

"పడవ ఏ వేళకొస్తుందో నీటి పోటుని చూస్తే తెలుస్తుంది. నువ్వు ఏ వేళకొస్తావో నిన్ను కాక ఎవర్ని అడగను?"

సితి మెల్లగా అంది:

"అక్కా, మా నాన్నకి చూపు పోతోంది. ఇకమీద ఆ పడవ నాదే. అందుకే అడుగుతున్నా."

ఆ పిల్ల నిజమే చెప్పిందని మ్వానకొంబో దారిలో ఒప్పుకుంది. ఒప్పుకుని కూడా పళ్ళు కొరికింది.

ఆ సాయంత్రం హాతిబు పెందరాళే వచ్చాడు. చేపల కోసం ఎక్కడ ఆగాడో, ఎవరితో మాట్లాడాడో తనంతట తనే చెప్పాడు.

"నేనడిగానా?" అంటూ ఆమె పిండి కలుపుతూనే ఉంది. కాని అంతా వింది.

ఇప్పుడతను ఆ మాట ఎవర్నీ అనడు. సితి పడవ నడుపుకుంటోంది. ఆ తెరచాప ఏటి మొగలో కనబడితే మ్వానకొంబో గుమ్మంలోకి వస్తుంది. ఎవరెక్కారు, సితి ఏ రంగు కంగా గుడ్డ చుట్టుకుంది, మన ఒడ్డువైపు చూసిందా అని నన్ను అడుగుతుంది. హాతిబు ఇంట్లో లేనప్పుడే అడుగుతుంది.