యాదగిరన్న బండికి నేను చేసింది

పదిహేనేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఇక మోయలేనని మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు.

నాచారం పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపులో నేనూ యాదగిరన్నా పక్కపక్క లేతు మిషన్ల మీద పనిచేసేవాళ్లం. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. తోడబుట్టిన అన్న లేడు నాకు, అందుకే అన్నా అన్న పిలుపు ఉత్తిది కాదు. ఆయనకు ఒక పాత వంద సీసీ బండి ఉండేది. దాని మైలేజీ పెంచాలని పిచ్చి. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా ఆ పిచ్చి ముదిరేది. ఆదివారాలు ఉప్పల్‌లో మా ఇంటి వాకిట్లో బండి విప్పుకుని కూర్చునేవాళ్లం. సైలెన్సర్ వేడెక్కే చోట రేకు తొడుగు బిగించి, ఆ వేడిగాలిని గొట్టంతో కార్బొరేటర్‌కు పంపాలన్న ఆలోచన నాది. పెట్రోలు ఎంత వదలాలో నిర్ణయించే సన్నటి సూదిని సరిచేసిన నేర్పు ఆయనది. ఘట్‌కేసర్ దాకా పోయి వచ్చి నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. ఒకరోజు లీటరుకు డెబ్బై ఎనిమిది వచ్చింది. రోడ్డు పక్కన బండి ఆపి, నా భుజం పట్టుకుని, ఆ అంకెను నోటుబుక్కులో రెండుసార్లు రాశాడు.

ఘట్‌కేసర్ వైపే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, పెద్ద చదువు లేకుండా సొంతంగా ఏవైనా తయారుచేసినవాళ్ల కోసం ప్రదర్శన పెట్టారు. దరఖాస్తు యాదగిరన్నే నింపాడు. జిరాక్స్ తీసుకురమ్మని నాకే ఇచ్చాడు. షాపులో నిలబడి చదివాను. ‘తయారుచేసినవారు’ అన్నచోట ఒక్క పేరే ఉంది. కాగితం వెనక్కి తిప్పి చూశాను. నా వేడిగాలి గొట్టం బొమ్మ ఉంది. నేను లేను.

అడగొచ్చు కదా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, నేను నమ్మేస్తాను, అప్పటికే నాకు నమ్మడం ఇష్టం లేకపోయింది. మోసపోయానన్న మంటలో ఒక సుఖం ఉంటుందనీ, ఆ మంట రగులుతున్నంతసేపు మనం ఏం చేసినా న్యాయమే అనిపిస్తుందనీ అప్పుడు నాకు తెలియదు. తెలిసినా ఆగేవాణ్ణా? ఏమో.

ప్రదర్శన రోజు పొద్దున బండి మా ఇంట్లోనే ఉంది. కడిగి తెమ్మన్నాడు. కడిగాను. తర్వాత కార్బొరేటర్ విప్పి, సూదికున్న క్లిప్పును రెండు గాడులు కిందికి మార్చాను. అలా చేస్తే సూది పైకి లేచి, పెట్రోలు ఎక్కువ పోతుంది. పది నిమిషాల పని.

కాలేజీవాళ్లు పావు లీటరు కొలిచి పోసి గ్రౌండు చుట్టూ తిప్పించారు. పోలిక కోసం తిప్పిన, ఏ మార్పూ చేయని బండికన్నా ముందే ఆగిపోయింది. ఒక లెక్చరర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. యాదగిరన్న నోటుబుక్కు తెరిచి పట్టుకుని, “సార్, మేం రాసుకున్నం సార్, జర సూడున్రి,” అన్నాడు. ఎవరూ చూడలేదు.

తిరిగి వస్తూ ఉప్పల్‌లో టీ కోసం ఆగాం.

“తమ్మీ, ఒక మాట జెప్త. కోపం జెయ్యకు,” అన్నాడు.

“జెప్పన్నా.”

“కాయితంల నీ పేరు రాయలె. మర్సిపోయి కాదు, కావాల్నని రాయలె. ఒక్కసారన్న నా పేరొక్కటే కనవడాలె అనిపిచ్చింది. గందుకే గిట్లయింది. తప్పు నాది.”

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా.

“పోనీయన్నా, గదేం పెద్ద ముచ్చట,” అన్నాను.

“నీది పెద్ద మనసు తమ్మీ,” అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. పొద్దున క్లిప్పు మార్చిన అదే చెయ్యి. నేను ఆయన్ను క్షమించాను. చూశారా, ఎంత తేలిగ్గా క్షమించానో.

బండి చూడబుద్ధి కావట్లేదని మళ్లీ నాకే ఇచ్చాడు. క్లిప్పును పాత గాడికి మార్చి, సాక్ష్యం కూడా మాపేశాను. ఆ తర్వాత ఆయన ఏ బండీ విప్పలేదు. “మన తెల్వి గంతే తమ్మీ,” అనేవాడు.

నిజం చెప్పాలంటే ఆ కాగితం గుర్తొస్తే ఇప్పటికీ ఆ మంట రేగుతుంది. ఆయన నన్ను మోసం చేశాడు. అయితే తన మోసాన్ని ప్రదర్శన రోజు పొద్దుగుంకకముందే ఒప్పుకున్నాడు. నేను పదిహేనేళ్లు పెద్ద మనసన్న ఆ మంచి పేరు అనుభవించాను.

ఈ మధ్యే ఆయన రిటైరయ్యాడు. పోయిన ఆదివారం చెప్పేద్దామని నాచారంలో ఆయన ఇంటివైపు వెళ్లాను. మనవరాలి సైకిల్ చైను ఊడితే, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తున్నాడు. ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసిన మనిషి. రోడ్డు మీదే కూర్చుని చైను ఎక్కించాను.

“నీ చేతిల పనున్నది,” అన్నాడు.

చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మీరు నన్ను క్షమించలేరు, ఆ హక్కు మీది కాదు. ఆయనకు ఎప్పటికైనా చెబుతానని మాట కూడా ఇవ్వలేను. యాదగిరన్న పనిలో తప్పు లేదు. చెడగొట్టింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక, ఊపిరి కాస్త ఆడుతోంది.