తొమ్మిది ఎర్ర గీతలు

మొన్న ఆదివారం పై అంతస్తు అమ్మాయి మా తలుపు తట్టింది. చేతిలో సెల్‌ఫోను, వెనక చున్నీ పట్టుకుని అయిదేళ్ల కూతురు. "ఆంటీ, మీ మనవరాలికి ఒక సంవత్సరం ఇంట్లోనే చదువు చెప్పారంట కదా. ఏ సిలబస్ తీసుకున్నారు? ఫోన్లో చూస్తే మూడు బాగున్నాయి. ఏది మంచిదో తేలటం లేదు" అంది. నేను ఒక్క మాటలో జవాబు చెప్పే మనిషిని కాను. అలమారలోంచి ఆ సంవత్సరపు నోటుపుస్తకాలు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాను. నీలం అట్టది చదువు లెక్క, ఎరుపు అట్టది ఆరోగ్యం లెక్క. ఆమె పొరపాటున ఎర్రదే ముందు తెరిచి, సెప్టెంబరు పేజీ దగ్గర ఆగిపోయింది. "ఇవేంటి ఆంటీ, వరసగా తొమ్మిది కొట్టేశారు?" అంది. పిల్లల ఎదుట చెప్పే సంగతి కాదు. కాఫీ ఇచ్చి, మర్నాడు ఒంటరిగా రమ్మన్నాను. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది గోదావరి జిల్లా. పెళ్లయి విశాఖ వచ్చాను. ఉక్కు కర్మాగారం ల్యాబులో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు పనిచేశాను. కొలిమి దగ్గర నుంచి వచ్చిన లోహపు ముక్కలో కార్బన్ ఎంత, గంధకం ఎంత అని చూసి రాయటం నా పని. అక్కడ మాకు రెండు నియమాలుండేవి. శాంపిల్ ఎవరు తీశారో తెలియకుండా ఫలితం రాయకూడదు. రాసింది తప్పని తేలితే చెరపకూడదు. కింద అంకె కనబడేటట్టు ఒకే ఒక్క ఎర్ర గీత గీసి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టాలి. మా పై అధికారి శాంపిల్ చేతికిస్తే దాని వంక చూసేవాడు కాదు. మన మొహం వంక చూసి, "ఎవరు తీశారు?" అనేవాడు. రిటైరయ్యాక ఈ అలవాట్లు నాతో ఇంటికొచ్చాయి. మా ఇంట్లో కందిపప్పు డబ్బా మీద కూడా పోసిన తేదీ ఉంటుంది. మా అమ్మాయి అది చూసి నవ్వుతుంది. అల్లుడు నవ్వడు, ఫొటో తీసి స్నేహితులకు పంపుతాడు.

రెండేళ్ల కింద ఏప్రిల్‌లో, ఎల్‌కేజీ సెలవులిచ్చిన నాలుగో రోజు, మనవరాలు నిద్ర లేచేసరికి కళ్లు ఉబ్బి ఉన్నాయి. దోమ కుట్టిందనుకున్నారు. వారానికి కాళ్లు కూడా ఉబ్బాయి. మూత్రపిండాల్లోంచి ప్రొటీన్ పోతోందనీ, నెలల తరబడి మందులు వాడాలనీ, చిన్న జలుబు తగిలినా మళ్లీ తిరగబెట్టవచ్చుననీ, కాబట్టి ఈ ఏడాది బడి వద్దనీ డాక్టరమ్మ చెప్పింది. మా అమ్మాయిది బ్యాంకు ఉద్యోగం. అల్లుడు మల్కాపురం వాడు, పోర్టులో క్రేను నడుపుతాడు, వారానికో షిఫ్టు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన వాళ్ల ఇల్లు. నేను ఒక సూట్‌కేసుతో, రెండు కొత్త నోటుపుస్తకాలతో అక్కడ దిగాను.

రోజూ పొద్దున పిల్ల మొదటి మూత్రం చిన్న కప్పులో పట్టి, అందులో కాగితపు పట్టీ ముంచి, రంగు చూడాలి. పసుపుగా ఉండిపోతే నిల్. ఆకుపచ్చగా మారితే ప్రొటీన్ పోతున్నట్టు. ఎంత ముదిరితే అంత ఎక్కువ, ఒక ప్లస్ నుంచి నాలుగు దాకా. మూడు ప్లస్సులు మూడు రోజులు వస్తే ఆస్పత్రికి ఫోను చేయాలి. తేదీ, రంగు, బరువు, వాపు అని నాలుగు గడులు గీశాను. ఆకుపచ్చ వచ్చిన రోజు మా అమ్మాయి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పేది. ఆ నీళ్ల చప్పుడు దేన్ని కప్పడానికో నాకు తెలుసు. పిల్లకు తెలియదనుకున్నాను.

ఇక చదువు. ఒక ఏడాది పోతే పోయిందని అల్లుడన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆరోగ్యంలో వెనకపడిన పిల్ల చదువులోనూ వెనకపడితే రెండు నష్టాలు. మూడు రకాలు తెప్పించాను. మొదటిది ఒక కంపెనీ వాళ్ల పెట్టె. నలభై వారాల టైంటేబులు, రంగుల పుస్తకాలు, ప్రతి శనివారం పరీక్ష కాగితం, చేసిన పనికి అంటించడానికి బంగారు రంగు నక్షత్రాలు. రెండోది కంప్యూటర్‌లోంచి అచ్చు తీసుకునేది. ఏడేళ్ల దాకా అక్షరం వద్దు, కథలూ మట్టిబొమ్మలూ చాలంటుంది. మూడోది మా వీధి అంగన్‌వాడీ టీచరు ఇచ్చిన పల్చటి పుస్తకం. పద్నాలుగు రోజులు కూర్చుని, పది అంశాలకు పదేసి మార్కుల పట్టిక వేశాను. అల్లుడు డ్యూటీ నుంచి వచ్చి ఆ కాగితం చూసి, "ఏటండీ అత్తయ్యగారూ, పిల్లకి పుస్తకం కొంతన్నారా, ఓడ కొంతన్నారా?" అన్నాడు. పెట్టెకు ఎనభై ఒకటి వచ్చాయి. మట్టిబొమ్మలకు అరవై మూడు. అంగన్‌వాడీ పుస్తకానికి నలభై ఆరు. అందులో పరీక్షే లేదు, పిల్ల ఎంత నేర్చిందో తెలిసే దారి లేదని మూడు అంశాలకు సున్నా వేసి ముప్పై మార్కులు నేనే కోసేశాను.

పెట్టె చదువు జూన్ రెండో సోమవారం మొదలైంది. బొమ్మలో మామిడిపళ్లు లెక్కపెట్టమంటే పిల్ల కిటికీలోంచి గూడ్సుబండి డబ్బాలు లెక్కపెట్టేది. యాభై ఎనిమిది దాకా తప్పులేకుండా వెళ్లేది గాని, పుస్తకంలో తొమ్మిది పళ్ల దగ్గర ఆవలించేది. నక్షత్రాలు మాత్రం పనిచేశాయి. ఒక్కొక్కటీ అంటించినప్పుడు ఆ గుండ్రటి మొహం వెలిగేది. అది చూసి నేను సొంతంగా ఒకటి చేర్చాను. నిల్ వచ్చిన రోజు ఎర్ర పుస్తకంలోనూ ఒక నక్షత్రం. పిల్ల ఉత్సాహంగా ఉంటుందని.

ఆగస్టు చివర్లో రంగులు మారే పాఠం వచ్చింది. పసుపు నీళ్లలో సబ్బు వేసి చూడమన్నారు. అంతటితో ఆగితే నేను ల్యాబు మనిషిని ఎలా అవుతాను? గడువు దాటిన పట్టీలు రెండు తీసి, ఒకటి గుడ్డు తెల్లసొనలోనూ, ఒకటి మంచినీళ్లలోనూ ముంచాను. సొనలోది ఆకుపచ్చగా మారింది. "నీల్లలో మారనేదు అమ్మమ్మా!" అంది పిల్ల. "ఎందుకు మారలేదు?" అన్నాను. ఆలోచించి, "నీల్లలో ఏటీ నేదు కదా" అంది. అయిదేళ్ల పిల్ల నోట అంత శుభ్రమైన జవాబు విని రెండు నక్షత్రాలిచ్చాను. ఆ వారమే శనివారం కాగితంలో 'తన పనులు తానే చేసుకుంటుందా?' అన్న ప్రశ్న ఉంది. "కప్పు నానే తెత్తాను, నాను పెద్దదాన్నయిపోనాను" అని పిల్ల బాత్రూం తలుపు వేసుకుంది. అవును అన్న గడిలో టిక్కు పెట్టాను.

తర్వాత తొమ్మిది రోజులు వరసగా నిల్. తొమ్మిది నక్షత్రాలు. బరువు గడిలో పదిహేడు కిలోల రెండు వందల నుంచి పద్దెనిమిదిన్నర దాకా నా చేత్తోనే ఎక్కించుకుంటూ పోయాను. మందుల వల్ల ఆకలి పెరిగిందని పక్కన రాసుకున్నాను కూడా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ పిల్లకు కొత్త గౌను తెచ్చింది. నడుం దగ్గర హుక్కు పడలేదు. ఆవిడ టేపు తీసి మళ్లీ కొలిచి, "ఇదేటి పెద్దమ్మా, పదిరోజుల కిందట కొలిసిందే కదా. ఇంతలోకే రెండంగుళాలు పెరిగిపోద్దా?" అంది.

"మందులకి ఆకలెక్కువ" అన్నాను.

"ఆకలికి కనురెప్పలు ఉబ్బుతాయేటండీ?"

నేను పుస్తకం తెరిచి, ఆ ఉదయం రాసిన నిల్ చూపించాను. ఆవిడ పుస్తకం వంక చూడనైనా చూడలేదు. "అందులో ఏటుంటే నాకేటి? ముందు పిల్లని సూడండి" అంది.

చూశాను. తొమ్మిది రోజులుగా చూడని మొహంలా ఉంది. ఆ పూటే బాత్రూంలో పక్కన నిలబడి కప్పు నేనే పట్టాను. పట్టీ ముంచీ ముంచగానే ముదురు ఆకుపచ్చ, మూడు ప్లస్సులు. పిల్ల ఆ రంగు చూసి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "కప్పులో నీల్లు పోసీసేదాన్ని అమ్మమ్మా" అంది. ఎందుకమ్మా అంటే, "ఆకురంగు వత్తే అమ్మ కుళాయి తిప్పుకోని ఏడుత్తాది" అంది. నక్షత్రాలు కావాలన్న మాట తర్వాత చెప్పింది, మెల్లిగా, రెండో తప్పులాగా.

ఆస్పత్రిలో పొట్ట బాగా ఉబ్బిందని చేర్చుకున్నారు. డాక్టరమ్మ ఎర్ర పుస్తకం తిరగేసి, తొమ్మిది నిల్లులు చూసి, తలెత్తి నా మొహం వంక చూసింది. "శాంపిల్ ఎవరు పట్టారమ్మా?" అంది. నా ఉద్యోగకాలంలో ఆ ప్రశ్నకు జవాబు లేకుండా నేనెప్పుడూ నిలబడలేదు. "పిల్లే తెచ్చిందండీ" అన్నాను. ఆమె మందు మోతాదు మార్చి రాసుకుంది. మా అమ్మాయి పిల్ల మంచం పక్కన కూర్చుని, "నేను దాని ఎదురుగానే ఏడవాల్సింది" అంది. పదకొండు రోజులున్నాం. నాలుగో రోజుకు వాపు దిగడం మొదలైంది, పదో రోజుకు పట్టీ పసుపుగా నిలిచింది.

ఇంటికొచ్చాక పెట్టెను అటక మీద పెట్టించాను. తప్పు పెట్టెది కాదు. కొలతకు బహుమానం కట్టింది నేను, నీళ్లు కలిపితే రంగు రాదని నేర్పిందీ నేనే, తలుపు వేసుకోనిచ్చిందీ నేనే. నేర్పిన మూడు పాఠాలనూ పిల్ల ఒక్కచోట చేర్చి వాడింది, అంతే. తొమ్మిది నిల్లుల మీదా తొమ్మిది ఎర్ర గీతలు గీశాను. పక్కన 'నీళ్లు కలిసినవి. శాంపిల్ నేను తీయలేదు' అని రాసి సంతకం పెట్టాను. అంటించిన నక్షత్రాలు పీకితే కాగితం చిరుగుతుందని అలాగే ఉంచాను.

నలభై ఆరు మార్కుల పుస్తకం తీశాను. మొదటి పేజీలో ఒకే పని ఉంది. పిల్లను తాను చూసింది చెప్పమనాలి. పెద్దవాళ్లు ఆ మాటలు దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు రాసి, వేలు పెట్టి చదివి వినిపించాలి. మందు మోతాదు తగ్గించిన వారం ఒకసారి పట్టీకి లేత ఆకుపచ్చ వచ్చింది. మా అమ్మాయి ఆ రోజు కుళాయి దగ్గరికి పోలేదు. కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది, కళ్లు తుడుచుకుంది, ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. పిల్ల నా దగ్గరికొచ్చి చెప్పింది, నేను రాశాను: 'ఇయాల ఆకురంగు వచ్చీసింది. అమ్మ నా కాడే ఏడిసింది. బండికి యాభై తొమ్మిది డబ్బాలు.' అక్షరాలు దాని చేతికి వచ్చింది ఈ వాక్యాల మీదే. ఇప్పుడు బడిలో ఒకటో తరగతి. ఏడాది ఆలస్యం. పద్నాలుగు నెలలుగా పట్టీ పసుపుగా ఉంది, కప్పు పక్కన ఎవరో ఒకరం ఉంటున్నాం.

మర్నాడు పై అంతస్తు అమ్మాయి ఒంటరిగా వచ్చింది. ఇదంతా విని, "అయితే ఏది తీసుకోమంటారు ఆంటీ?" అంది. మూడింటిలో ఏదైనా ఫరవాలేదమ్మా, పిల్ల మొహం రోజూ చూసే వీలు మిగిల్చేది తీసుకో అన్నాను. నా మార్కుల పట్టికలో ఆ అంశానికి గడి లేదు. ఆమె వెళ్తూ ఎర్ర పుస్తకం మరోసారి తెరిచి, ఆ పేజీని వెలుతురుకు పెట్టి చూసింది. గీతల రంగు అప్పుడే వెలిసిపోతోంది. వాటి కింద నా చేతిరాతలో తొమ్మిది నిల్లులు మాత్రం ఇంకా స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి.