మోకు కింది కొస

కాయ కోతలన్నీ అయిపోయి తోటలు కాస్త ఊపిరి పీల్చుకునే రోజులివి. మొన్న మా అల్లుడి బండి వెనక కూర్చుని, ఆగిరిపల్లి దగ్గర అతను కౌలుకి చేస్తున్న మామిడితోటకి వెళ్ళాను. పనేమీ లేదు, ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని వెళ్ళానంతే. తీరా చూస్తే ఎండుకొమ్మలు తీయడానికి రప్పించిన కుర్రాడొకడు చెట్టెక్కడానికి తయారవుతున్నాడు. నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్టు, నడుముకీ తొడలకీ కలిపి ఒక బెల్టు, దానికి గలగలలాడే ఇనుప కొక్కేలు, కాళ్ళకి బూట్లు, పక్కన మిషను రంపం. చూస్తూండగానే చిటారుకి చేరి, ఉయ్యాల బల్ల మీద కూర్చున్నంత దర్జాగా గాలిలో కూర్చున్నాడు. నా ఈడువాళ్ళు మరొకరెవరైనా అయితే, పోనీలే, ఇప్పటి పిల్లలకి ప్రాణభయం లేకుండా పోయిందని సంతోషించేవారు. నాకు మాత్రం కడుపు భగ్గుమంది. డెబ్భై దాటినవాడికి పాతికేళ్ళవాడి మీద కుళ్ళేమిటని మీరు నవ్వితే నవ్వండి. ఈ కుళ్ళు నాకు కొత్తది కాదు, దానితో సగం జీవితం కాపురం చేశాను.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల చెట్టు పనంటే మా బావా నేనూ. బావ అంటే మా మేనత్త కొడుకు, మా అక్కని చేసుకున్నవాడు, నాకంటే మూడేళ్ళు పెద్ద. కోతలయ్యాక ఎండుకొమ్మలు కొట్టడం, కొమ్మని పట్టుకుని దాని రసం పీల్చి బతికే బదనికల్ని ఏరెయ్యడం, షెడ్ల మీదకి వాలిన కొమ్మల్ని దించడం మా పని. విస్సన్నపేట దాకా పిలిచేవాళ్ళు. మా సరంజామా అంతా ఒక గోనెసంచిలో పట్టేసేది. చేతిరంపం ఒకటి, చిన్న గొడ్డలి ఒకటి, బొటనవేలంత లావున కొబ్బరిపీచుతో పేనిన మోకు ఒకటి. హెల్మెట్టంటారా, తలపాగా, బూట్లంటారా, అమ్మ కడుపులోంచి వచ్చిన పాదాలు. మోకుకి ఉన్న మర్యాద మాత్రం మాలో ఎవరికీ ఉండేది కాదు. దాన్ని దాటకూడదు, దాని మీద కూర్చోకూడదు, దసరాకి దానికీ పసుపూ కుంకుమా పెట్టాలి. రోజూ పొద్దున్నే మా బావ కళ్ళు మూసుకుని, ఎక్కడైనా పోగు తెగిందేమోనని మోకంతా మూరమూరా తడిమి చూసుకునేవాడు. పని లేనప్పుడు అది చెట్టెక్కేవాడి ఇంట్లో చిలక్కొయ్యకే వేలాడాలని మావాళ్ళ ఆనవాయితీ. అంచేత అది మా అక్క ఇంట్లోనే ఉండేది. నేను ఆ గుమ్మం తొక్కినప్పుడల్లా మా అక్క మొహం కంటే ముందు ఆ చిలక్కొయ్యే చూసేవాణ్ణి.

కొమ్మ నరికి కింద పడెయ్యడం ఎవడైనా చేస్తాడు. కింది కొమ్మలు చిట్లకుండా, పైఏడు కాపు పోకుండా దించడంలోనే ఉంది పనితనం. బావ కొమ్మకి మోకు కట్టి, దాని పైనున్న పంగలోంచి రెండో కొస కిందికి వదిలేవాడు. నేను దాన్ని చెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి పట్టుకునేవాణ్ణి. అతను ముందు కొమ్మ అడుగున ఒక గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోసేవాడు. అడుగు గాటు లేకపోతే సగం కోసేసరికే కొమ్మ బరువుకి చీలి, మానుకి ఉన్న తోలు కూడా ఊడదీసుకుపోతుంది. కొమ్మ విడిపోగానే బరువంతా నా చేతుల మీదికి వచ్చేది, నేను చుట్లని కొంచెం కొంచెంగా జారనిస్తూ దించేవాణ్ణి. బావ సన్నకొమ్మల మీదికి పాకాల్సి వస్తే అదే మోకు తన నడుముకి కట్టుకునేవాడు. అప్పుడూ కింది కొస నాదే. సాయంత్రానికి అరిచేతులు పేలిపోయి, అన్నంలో కారం కలుపుకోవాలంటే ఏడుపొచ్చేది.

పేరు మాత్రం పైవాడికే వెళ్ళేది. ఆసామి తలెత్తి బావనే చూసేవాడు, పుల్లలు ఏరుకునే ఆడవాళ్ళు బావనే చూసేవాళ్ళు. ఆఖరికి నా భార్య కూడా అన్నం వడ్డిస్తూ, "అన్నయ్య చెట్టు దిగేదాకా నా గుండెలు గుండెల్లో ఉండవండీ" అనేది. నా కోసం ఒక్కపూట కూడా దాని గుండె అలా అదరలేదు. నేల మీద నిలబడ్డవాడి గురించి ఎవరు భయపడతారు? ఆ మాట విన్న రాత్రి కంచం ముందునుంచి లేచిపోయాను. బావ నాకేం అపకారం చేశాడని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, నేను ఉండాలనుకున్న చోట అతనున్నాడు, అంతే.

ఇప్పుడు మా అల్లుడు కౌలుకి చేస్తున్న తోటలోనే మోటారు షెడ్డు పక్కన ఒక చిన్నరసం చెట్టుంది. ఆసామి తల్లిని అందరం మామ్మగారనేవాళ్ళం. ఆవిడ కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటుకున్న చెట్టది. తొలి కాయలు కూలివాళ్ళ చేతుల్లో పెట్టాకే ఆవిడ నోట పెట్టుకునేది. ఒక ఏడు ఆ చెట్టు కొమ్మ షెడ్డు పెంకుల మీదకి వాలింది. మా అక్కని నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, రేపొచ్చి తీస్తాను, ఈలోగా ఎవరూ ముట్టుకోవద్దని బావ నాకు చెప్పి వెళ్ళాడు. ఆ మాటే నా కడుపులో కుంపటి రాజేసింది. వాళ్ళటు బస్సెక్కగానే నేనిటు వాళ్ళింటికి వెళ్ళి, చిలక్కొయ్య మీది మోకు తీసి భుజాన వేసుకున్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టని పెద్దలు ఊరికే అనలేదు.

కింద మోకు పట్టడానికి ఉంగుటూరు వైపు నుంచి కోతలకొచ్చి ఉండిపోయిన ఒకతన్ని పిలిచాను. వరిచేలో దిట్టే గాని చెట్టు పని ఎరగడు. గట్టిగా పట్టుకో అన్నానే గాని, మొదలుకి చుట్లు తిప్పమని చెప్పలేదు. చూసే కళ్ళన్నీ నా మీదుండగానే కోసెయ్యాలన్న ఆత్రంలో అడుగు గాటు మర్చిపోయాను. రంపం సగం దిగిందో లేదో, కొమ్మ ఫెళ్ళున చీలింది. మానుకి నడుమెత్తు దాకా తోలు ఒలుచుకుంటూ పోయి షెడ్డు మీద పడింది. కిందివాడు మోకు వదిలేసి పరిగెత్తాడు. ఉన్న ఒక్క మోకూ కొమ్మతో పాటు వెళ్ళిపోయింది. నేను పంగని కావలించుకుని, దిగలేక అక్కడే ఉండిపోయాను. జీవితంలో మొదటిసారి అందరూ తలెత్తి నన్నే చూశారు. నేల విడిచి సాము చేయడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

పొద్దు వాలుతూండగా, నూజివీడు బస్సు దిగి సంగతి విని బావ వచ్చాడు.  పడ్డ కొమ్మ నుంచి మోకు విప్పి, దాని కొసతో పైకి వచ్చి, నా నడుముకి కట్టి, పై పంగలోంచి వేసి, మళ్ళీ దిగిపోయాడు. మొదలుకి రెండు చుట్లు తిప్పి అరిచాడు.

"బావమరిదీ, ఇక చేతులొదిలెయ్. నేను పట్టుకున్నాగా!"

వదలడానికి నాకు చాలాసేపు పట్టింది. నేనతని చేత కొన్ని వందలసార్లు అలా చేతులు వదిలించుంటాను, అతను ఒక్కసారీ తటపటాయించలేదు. ఆ సంగతి కిందికి దిగుతున్నప్పుడు నాకు తట్టనే లేదు.

ఆసామి వచ్చి, ఎవరు కోశారని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే బావ, "నేనే కొయ్యమన్నానండీ. గాటు సంగతి చెప్పటం మర్చిపోయా. తప్పు నాదేనండి" అన్నాడు. మామ్మగారు ఎవర్నీ ఏమీ అనకుండా, చెట్టు పక్కన చతికిలబడి ఆ పుండుకి పేడా మట్టీ కలిపి మెత్తుతూ కూర్చుంది. అప్పుడైనా నేను బుద్ధి తెచ్చుకున్నానా? లేదు. మంచి పేరు ఎలాగూ తీసుకెళ్ళాడు, చివరికి నా తప్పు కూడా తనే పట్టుకుపోయాడే అని కుళ్ళుకున్నాను. పైఏడు అదే తోట నుంచి మళ్ళీ పిలుపొస్తే ఇద్దరం వెళ్ళాం. ఆసామి నన్నెలా రానిచ్చాడో అడగడానికి కూడా నాకు మనసు రాలేదు.

అలా ఎన్నో ఏళ్ళు అతను పైనా నేను కిందా. చెట్టు మీంచి ఒక్కసారీ జారకుండా, పెద్దవాడై, మంచం మీదే పోయాడు. పెద్దకర్మ అయ్యాక మా అక్క చిలక్కొయ్య మీది మోకు తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పింది. కొమ్మ చీలిన పైఏడు ఆసామి, నువ్వు రా గాని నీ బావమరిది నా తోటలో అడుగు పెట్టడానికి వీల్లేదన్నాట్ట. మా బావ చేతులు కట్టుకుని, "వాడు కింద లేకపోతే నేను చెట్టెక్కనండీ. ఇంకెవరి చేతిలోనూ నా నడుం పెట్టలేనండి" అని వచ్చేశాట్ట. ఆ ఆసామివి మూడు తోటలు, మూడూ వదులుకోవడానికైనా సిద్ధపడ్డాట్ట. నాతో మాత్రం ఎప్పుడూ అనలేదు. ఏళ్ళ తరబడి నేను ఆశపడ్డ ఆ మోకు ఇప్పుడు మా ఇంట్లోనే వేలాడుతోంది, నాకు దానివైపు చూడబుద్ధి కాదు.

మొన్న ఆ కుర్రాడెక్కినది మామ్మగారి చిన్నరసం చెట్టే. నేను చేసిన గాయం అంచులు ఉబ్బి, దాదాపు మూసుకుపోయి, మధ్యలో ఒక గీతలా మిగిలింది. కుర్రాడు దిగి నీళ్ళు తాగుతుంటే దగ్గరికెళ్ళి, నీ తాడు కింద ఎవరు పడతారు నాయనా అని అడిగాను. నడుముకున్న కొక్కెం ఒకటి టక్కున నొక్కి చూపించాడు. "ఇదే పట్టేసుకుంటుంది తాతగారూ, మనిషెందుకండీ?" అన్నాడు.

మంచిదే. దానికి చెయ్యి పేలదు, కడుపు మండదు, పక్కవాడి మోకు దొంగిలించదు. ఆ పిల్లాడు చల్లగా ఉండాలి. ఇంటికొచ్చాక నా అరిచేతులు చూసుకున్నాను, మోకు ఒరిపిడికి కాసిన కాయలన్నీ ఎప్పుడో మెత్తబడిపోయాయి. ఇన్నేళ్ళూ చెట్టు మీదున్నవాణ్ణి చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆ ఇనుప కొక్కెం మీద కుళ్ళుగా ఉంది. ఒక మనిషి నడుం దాని చేతిలో ఉంది.