చల్లటి ఇంజను

ఆ చలికాలమంతా తెల్లవారుజామున నాకు ఒకటే కల. మా దగ్గరి కొండకర్ల ఆవ సరస్సు మీద మంచు దట్టంగా పరుచుకుని ఉండేది. నీళ్ళెక్కడో గట్టెక్కడో తెలిసేది కాదు. ఆ తెల్లదనంలోంచి మా చిన్న ట్రాక్టరు తామరాకుల మీదుగా డుగ్గుడుగ్గుమంటూ పోతూ ఉండేది. సీటు మీద ఎవరూ ఉండేవారు కాదు. నాకు భయం వేసేది కాదు సరికదా, ఎంతో హాయిగా ఉండేది. దుప్పటి ఇంకాస్త లాక్కుని పడుకునేదాన్ని.

మా ఆయనకు చెబితే నవ్వేవాడు. "మొగుడు కల్లోకి రాడు గానీ ట్రాక్టరు వత్తాదేటే నీకు" అనేవాడు.

ఆయన మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక కూడా మారలేదు. అనకాపల్లికి కాస్త అవతల మాకు జామతోట ఉంది. దాన్ని ఆనుకుని కొంచెం చెరుకు. జామచెట్ల వరుసల మధ్య దున్నడానికని కొన్న చిన్న ట్రాక్టరే, చెరుకు నరికినప్పుడు మోపులన్నీ బెల్లం బట్టీకి చేరేసేది. అంతకు ముందు ఏడు బావకు గుండె ఆపరేషనయింది. బరువులెత్తకూడదు, దేన్నీ తొయ్యకూడదు, పొద్దున్నే నడవాలి అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ట్రాక్టరు సీటు నాదైంది. ఊళ్ళో కొందరు నవ్వుకున్నారట. నా ముక్కు మీద కోపం సంగతి తెలుసు కాబట్టి నా ఎదురుగా ఎవరూ నవ్వలేదు.

ట్రాక్టరుకి వయసైపోయింది. పోసిన ఆయిలు పోసినట్టే తాగేసేది. అనకాపల్లిలో మా మెకానిక్కు మేస్త్రి, నన్ను అక్కలా అప్పా అని పిలిచేవాడు, ఎండాకాలంలోనే చూసి, "ఇంజను బోరుకొచ్చేసిందప్పా" అన్నాడు. అంటే హెడ్డు దించి, పిస్టన్లూ రింగులూ మార్చి, ఇంజను మొత్తం మళ్ళీ కట్టాలి. కట్టినన్నాళ్ళూ బండి షెడ్డులోనే పడుంటుంది. కట్టించాలా వద్దా అని మాకు పేచీ లేదు. చెరుకు నరక్కముందా, నరికాకా అన్నదే తగువు.

మా దగ్గర బట్టీ కొందరు రైతులకు కలిపి ఒకటి. వంతులుంటాయి. మన వంతు నాటికి చెరుకు నరికి బట్టీ ముందు పెట్టాలి. ఆ రోజు తప్పిపోతే అందరివీ అయ్యాకే మళ్ళీ మనకి. ఈలోగా చెరుకు పూత వేసి, రసం తగ్గిపోతుంది. అలాగని నరికాక బండి మొరాయిస్తే ఇంకా అన్యాయం, నరికిందంతా పులిసిపోతుంది. పోనీ పొగ చూసి ఇంజను సంగతి తేల్చుకుందామా అంటే, బట్టీలు వెలిగాక ఊరంతా పొగే. ఏది బండి పొగో, ఏది చెరుకుపిప్పి పొగో ఎవరు చెప్పగలరు?

అందుకే మేస్త్రి ఒక గుర్తు చెప్పాడు. "పొద్దున్నే సల్లటి ఇంజనుకి తాళం తిప్పి సూడప్పా. ఒక్కసారికే అందుకుందా, ఈ సీజను లాగేత్తాది. అందుకోలేదా, ఇంక ఆగొద్దు, ఇంజను ఇప్పించీ."

బావ పక్కనే నిలబడి విన్నాడు.

ట్రాక్టరుని తోట చివర మెరక మీద, ఆరుబయటే నిలిపేవాళ్ళం. రోజూ పొద్దున్నే పాలు కాచి, ఇల్లు ఊడ్చి, అప్పుడు వెళ్ళి తాళం తిప్పేదాన్ని. ఒక్కసారికే అందుకునేది. నాకు ఎంత గర్వమో. నా బంగారం, నా తల్లి అని దాని మడ్గార్డు తట్టేదాన్ని. మేస్త్రికి ఫోను చేసి, "నువ్వేదో బెదరగొట్టేవు గానీ, కుర్రదానిలా ఉంది నా బండి" అని దెప్పేను కూడా. ఇంజను విప్పే మాట వెనక్కి పోయింది. మా వంతు దగ్గర పడింది.

వంతుకి ముందురోజు, చెరుకు నరకడం మొదలుపెట్టాల్సిన పొద్దున, ఎందుకో తొందరగా మెలకువ వచ్చింది. బావ అప్పటికే నడకకి వెళ్ళిపోయాడు. పెరట్లో తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాను. చన్నీళ్ళకి ఒళ్ళు జివ్వుమంది. కళ్ళు తెరిచే ఉన్నాను, అయినా కలలోని చప్పుడు వినబడుతూనే ఉంది. డుగ్గు, డుగ్గు, డుగ్గు. దూరంగా, మంచులో తడిసినట్టు మెత్తగా. నేనింకా పడుకునే ఉన్నానేమో అనుకున్నాను. కాళ్ళు మాత్రం తోటవైపు నడిచాయి.

నేను వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోయింది. బావ ట్రాక్టరు పక్కన నేలమీద కూర్చుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతున్నాడు. మడ్గార్డు మీదా సీటు మీదా మంచు బొట్లు బొట్లుగా ఉంది. బానెట్టు ఒక్కటే పొడిగా ఉంది. చెయ్యి వేస్తే చురుక్కుమంది. మెరక దిగి, తిరిగి మెరకెక్కిన చక్రాల జాడ తడిగడ్డిలో స్పష్టంగా కనబడుతోంది.

"ఏటి సేత్తన్నావు బావా?"

"రోజూ సేసేదే. సల్లగున్నప్పుడు అందుకోదే అది. పల్లానికి తోసి గేర్లో ఏత్తే అందుకుంటాది. కాసేపు ఆడించి ఇక్కడెట్టేత్తే, నువ్వొచ్చేసరికి వేడి మీదుంటాది గదా."

తొయ్యకూడదన్న మనిషి. నేను దుప్పటి లాక్కుని హాయిగా పడుకున్న అన్ని పొద్దుల్లోనూ ఈయన ఇక్కడ చక్రానికి భుజం ఆనించి ఉన్నాడు. ఒళ్ళు మండిపోయింది. "నువ్వు ఇక్కడే పడిపోతే, వండిన బెల్లం ఎవడి నోట్లో పెట్టమంటావు?" అని అరిచేను.

"వంతు పోద్దని" అన్నాడు. తర్వాత తలెత్తకుండానే, "సంచి ఎత్తనివ్వవు, గునపం ముట్టుకోనివ్వవు. సీటు నీదైపోయింది. ఈ తోటలో నాకూ ఓ పనుండొద్దేటే?" అన్నాడు.

కోపం ఎటు పోయిందో పోయింది. ఆ తడిగడ్డిలోనే పక్కన కూలబడి ఏడ్చేను.

ఎండ రాకముందే బట్టీకి వెళ్ళి, అక్కడ వంతులు చూసే పెద్దాయనతో, "మామా, మా వంతు ఎవరికైనా ఇచ్చీ" అన్నాను.

"పిచ్చెక్కిందేటే? రేపే గదా."

"పిచ్చే. ఇచ్చీ" అన్నాను.

మధ్యాహ్నానికి మా ట్రాక్టరుని ఇంకో ట్రాక్టరుకి కట్టి అనకాపల్లి లాక్కుపోయాం. మేస్త్రి హెడ్డు దించి, పిస్టన్లు బయటికి లాగాడు. రింగులు ముక్కలై చేతిలోకి వచ్చాయి. "ఇది ఒక్కసారికే అందుకుందా అప్పా?" అన్నాడు. బావ షెడ్డు పైకప్పు రేకులు చూస్తూ కూర్చున్నాడు.

అందరి తర్వాత ఆడింది మా చెరుకు. పూత వేసేసింది. రసం తగ్గింది, బెల్లమూ తగ్గింది. తగ్గితే తగ్గింది.

బండి ఇచ్చేటప్పుడు మేస్త్రి, కొత్తగా కట్టిన ఇంజను కాబట్టి కొన్నాళ్ళు బరువు పెట్టొద్దనీ, రోజూ పొద్దున్నే కాసేపు మెల్లగా తిప్పి తేవాలనీ చెప్పాడు. ఇంటికొచ్చాక తాళంచెవి బావ చేతిలో పెట్టేను. "నీ నడక అయ్యాక ఇది నీ పని. తొయ్యడం లేదు. తాళం తిప్పడమే."

మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ ఆ చప్పుడే వినబడింది. ఒక్కసారికే అందుకుంది. కలో నిజమో తేల్చుకోకుండా పడుకోలేకపోయాను. లేచి అరుగు మీదికొచ్చి నిలబడ్డాను. మంచు జామచెట్ల నడుం దాకా ఉంది. వరుసల మధ్యనుంచి ట్రాక్టరు మెల్లగా ఇంటివైపు వస్తోంది. సీటు మీద మా బావ ఉన్నాడు.