ఎర్సీలియా వెండి కాలు

ఇటలీలోని మా కాపువా ఊళ్ళో ఎర్సీలియాకీ నాకూ ఒకే గోడ. మొగుడు పోయినప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసి కొడుకుని పెంచింది. ఆమె ఇంటి నేలమాళిగలో, వైన్ పీపాల వెనక, గోడకి ఒక రాతి బొమ్మ ఉండేది. టోపీ పెట్టుకుని, కాగడా పట్టుకుని, కాళ్ళు మెలేసి నిలబడ్డ కుర్రాడు. ఆమె అత్తగారు ఎవరో పునీతుడనుకుని దీపం పెట్టేది. తర్వాత ఎర్సీలియా పెట్టింది. పేరేమిటని ఎవరూ అడగలేదు.

నిరుడు ఆమె కొడుకు నున్సియో తాపీపని చేస్తూ పైనుంచి పడ్డాడు. కాలు తీసెయ్యాలేమో అన్నారు. ఎర్సీలియా కిందకి దిగి, వాడు నడిస్తే వెండి కాలు చేయించి పెడతానని మొక్కుకుంది. కాళ్ళు మెలేసుకున్న పునీతుడికి కాళ్ళ బాధ తెలియకుండా ఉంటుందా అని ఆమె లెక్క. నాకూ సబబుగానే తోచింది. వాడు నడిచాడు.

కంసాలి దగ్గర్నుంచి వెండి కాలు వచ్చేలోగా, గోడ చెమ్మ చూడ్డానికొచ్చిన మనిషి బొమ్మ సంగతి మ్యూజియంలో చెప్పాడు. వాళ్ళొచ్చి ఊడదీసి పట్టుకెళ్ళారు. మొక్కు తీర్చకపోతే ఇచ్చింది వెనక్కి పోతుందని మా వైపు అందరికీ తెలుసు. మర్నాడే నున్సియో కాలు లాగుతోందన్నాడు. ఎర్సీలియాకి ముద్ద దిగలేదు.

నన్ను వెంటేసుకుని మ్యూజియంకి వెళ్ళింది. లవీనియా అనే పరిశోధకురాలు ఓపిగ్గానే చెప్పింది. అతను పునీతుడు కాడట. మిత్రాస్ అనే పాతకాలం రోమా దేవుడి పక్కన కాగడా పట్టేవాడట. ఆ పూజలు చీకటి గదుల్లో గుట్టుగా చేసేవాళ్ళట. ఆడవాళ్ళని రానిచ్చిన జాడే దొరకలేదట. కాళ్ళెందుకు మెలేశాడో తమకీ సరిగ్గా తెలీదట.

"మరి మావాడి కాలు బాగుచేసిందెవరమ్మా?"

"డాక్టర్లే అయ్యుంటారు, పెద్దమ్మా."

"వాళ్ళకి నేను మొక్కలేదుగా," అంది ఎర్సీలియా.

వెండి కాలు బొమ్మకి తగిలించడం కుదరదంది లవీనియా. చర్చికి పోతే, మరియతల్లి దగ్గర పెట్టెయ్యమన్నాడు ఫాదర్. ఒకర్ని అడిగి ఇంకొకరికిస్తే తల్లి ఏమనుకుంటుందని ఎర్సీలియా దారంతా నన్నే నిలదీసింది. నా బుర్ర కూడా తిరిగిపోయింది.

చివరికి నేలమాళిగలోకే దిగాం. బొమ్మ ఊడదీసిన చోట గోడ పచ్చిపుండులా ఉంది. అక్కడే మేకు కొట్టి వెండి కాలు తగిలించింది.

"నా మొర విన్నదెవరో వాళ్ళే పట్టుకెళ్ళండి," అంది గోడతో.

ఇంతలో నున్సియో మెట్లు దిగొచ్చాడు. కాలెలా ఉందిరా అని అడిగింది. లాగుతూనే ఉంది గానీ కాస్త తగ్గిందేమో అన్నాడు.

ఎర్సీలియా నావైపు తిరిగింది. "వదినా, తీసుకున్నట్టా, తీసుకోనట్టా?"

నాకు తెలిస్తే కదా.