మాసయ్య సాక

మానవపాడు శేఖర్ చేతిలో సీసా వంగిందంటే ఒక్క చుక్క కింద పడదు. గద్వాలలో ఓ బారు వెనక గ్లాసులు కడగడంతో మొదలైన బతుకు వాడిది. తర్వాత హైదరాబాదులో పెద్ద హోటలుకు పోయి, కౌంటరు వెనక నిలబడే పని నేర్చుకున్నాడు. దేనిలో ఏది కలపాలో, ఎవరికి పోయాలో, ఎవరికి నవ్వుతూనే ఆపాలో అన్నీ అక్కడే వంటబట్టాయి. 'నీ కొడుకు ఏం చేస్తుండు?' అని ఎవరన్నా అడిగితే తల్లి పుష్పమ్మ 'హోటల్ల మేనేజరు' అని కోతలు కోసేది. పాపం, ఆమె బాధ ఆమెది. తాగి తాగి రక్తం కక్కుకున్న మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, కొడుకు మందు పోస్తాడని ఏ నోటితో చెప్తుంది?

ఆ రక్తం చూసే శేఖర్ హైదరాబాదు వదిలి వచ్చేశాడు. ఇంకోసారి మందు ముడితే తండ్రి మాసయ్య దక్కడని దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఎండాకాలం నుంచి మాసయ్య ముట్టలేదు. శేఖర్ గద్వాలలో కొత్తగా పెట్టిన బారులో కౌంటరుకు కుదిరాడు. కొన్నాళ్ళు పని చూసి ఖాయం చేస్తానన్న మేనేజరు అరుణ్, ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"మేస్త్రి కుర్మయ్య గుంపు మీదనే మన బారు నడుస్తున్నది. ఆయన మాటకు ఎదురు చెప్పినవా, నీ పని ఖతం."

కుర్మయ్య గుంపు మేస్త్రి. ఊళ్ళ నుంచి కూలీలను కూడగట్టి పుణెకు, బొంబాయికి తోలుకుపోతాడు. గుంపులో చేరేవాడికి మొదటి గ్లాసు తనే తాపిస్తాడు. అది తాగితే మాట ఇచ్చినట్టు, తాగకపోతే మేస్త్రిని అవమానించినట్టు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. కుర్మయ్య తలుపు తోసుకుని వచ్చాడు. వెనక నలుగురు కూలీలు, వాళ్ళ వెనక తల వంచుకుని మాసయ్య. శేఖర్ తండ్రినే చూస్తూ నిలబడ్డాడు.

"గట్ల జూస్తవేందిరా శేఖరూ? మీ నాయనను గుంపుల కలుపుకుంటున్న. పొయ్యి! కొడుకు పోస్తే తండ్రి తాగుడు, గసుంటి అదృష్టం ఎందరికుంటది?" అంటూ కుర్మయ్య కౌంటరు ముందే కూర్చున్నాడు.

"ఆయన పాణం బాగలేదు మామా..."

"పనికొస్తడు గాని మందుకు పనికిరాడా? నలుగుట్ల నా ఇజ్జత్ తీయకు."

'నాకొద్దు' అనడానికి మాసయ్యకు నోరు పెగల్లేదు. చావు అంచుదాకా పోయొచ్చిన మనిషికి కూడా పరువే ముందొచ్చింది చూడండి! ఈ మగవాళ్ళ పరువు మండిపోను. అవతల గల్లాపెట్టె దగ్గర నుంచి అరుణ్ కళ్ళతోనే 'పొయ్యి' అన్నాడు.

శేఖర్ వెనక్కి తిరిగాడు. చల్లారిన చాయ్ డికాషన్ గ్లాసులో పోసి, అల్లం రసం పిండి, సోడా కలిపాడు. తాగనివాళ్ళు పదిమందిలో గ్లాసు పట్టుకుని నిలబడాలంటే హైదరాబాదులో ఇదే చేసిచ్చేవాడు. రంగు చూస్తే అచ్చం విస్కీ.

మాసయ్య వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చల్లాడు. అది తాగేముందు అమ్మవారు జమ్ములమ్మకు పోసే సాక. తల్లికి పోయకుండా ఆయన జన్మలో మందు ముట్టలేదు. తర్వాత గుక్క తాగి ఆగిపోయాడు. కళ్ళెత్తి కొడుకును చూశాడు. 'ఇదేందిరా' అని తండ్రి ఒక్క మాటంటే చాలు, అంతా అయిపోయినట్టే.

మాసయ్య మింగాడు. మొహం చిట్లించి, "మస్తు ఘాటుంది" అన్నాడు.

హమ్మయ్య అనుకునేలోపే కుర్మయ్య రెండోది పోయమన్నాడు. శేఖర్ మళ్ళీ అదే కలిపిచ్చాడు. మాసయ్య ఈసారి తిన్నగా నోటికెత్తాడు. తన గ్లాసు ఎత్తబోయిన కుర్మయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏందిరో మాసయ్య, సాక మరిచినవ్?"

పాలమూరులో తాగేవాడు పెళ్ళాం పేరన్నా మరిచిపోతాడు గానీ సాక మరవడు. మాసయ్య మేస్త్రికి అబద్ధం చెప్పగలిగాడు గానీ, తెలిసి తెలిసి చాయ్ నీళ్ళు తల్లికి పోయలేకపోయాడు. అక్కడే దొరికిపోయాడు.

కుర్మయ్య గ్లాసు గుంజుకుని వాసన చూశాడు. "చాయ్ నీళ్ళు! తండ్రీకొడుకులు కలిసి నన్ను ఎడ్డోన్ని జేస్తున్నరా?"

అరుణ్ ఉరికొచ్చాడు. "శేఖర్, తప్పయిందని చెప్పి అసలుది పొయ్యి."

"పొయ్యను సార్. మా నాయన సచ్చిపోతడు. నా చేతితోని పొయ్యను."

"నువ్వు పొయ్యకుంటే నేనే పోస్త." కుర్మయ్య తన ముందున్న సీసా ఎత్తి, నీళ్ళు కూడా కలపకుండా గ్లాసు నిండా పోశాడు. మాసయ్య ముందుకు తోశాడు. "తాగు. లేకుంటే ఈ జన్మల నా గుంపుల నీకు పని లేదు."

మాసయ్య గ్లాసు పట్టుకున్నాడు. వాసనకు ఆయన గొంతు కదలడం శేఖర్‌కు కనిపించింది. ఇన్ని నెలలు ఆ వాసన కోసం కొట్టుకుపోయిన మనిషి! లాక్కుందామని శేఖర్ కౌంటరు మీదికి వంగేలోపే మాసయ్య వేలు ముంచాడు. ఒక చుక్క, రెండు, మూడు. శేఖర్ కళ్ళు మూసుకున్నాడు. సాక పోసిన గ్లాసును తండ్రి ఏనాడూ తాగకుండా కింద పెట్టలేదు.

నేల మీద ధార పడుతున్న చప్పుడైంది. కళ్ళు తెరిస్తే, మాసయ్య గ్లాసు వంచి మెల్లగా, చివరి చుక్కదాకా పోస్తున్నాడు.

"తల్లీ, ఇయ్యాల మొత్తం నువ్వే తాగు. నా వంతు గూడ."

తల్లికి పోసిన సాకను తిట్టే ధైర్యం ఎవడికుంది? కుర్మయ్య లేచి, తన మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు. అరుణ్ తడిసిన నేలనూ, ఊగుతున్న తలుపునూ చూశాడు.

"రేపటి సంది రాకు శేఖర్."

"సరే సార్. ఒక్క గ్లాసు పోసి పోత."

మళ్ళీ డికాషన్, అల్లం, సోడా. చుక్క పారబోయని చెయ్యి వణికి, సోడా కౌంటరంతా ఒలికింది. మాసయ్య భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"నా పాడు తాగుడుకు నీ పని బోయింది గదరా బిడ్డా."

"పోతే పోనీ నాయనా. వనపర్తిల బార్లు లేవా? నువ్వు తాగు."

మాసయ్య తాగాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"అల్లం జర తక్కువెయ్యాలె రా" అన్నాడు.